గుంజకు ఎర్రగుడ్డ

మా కాసమాన్స్ నది పాయల్లో మడచెట్ల వేళ్ళకు పట్టిన ఆలిచిప్పలు కోసుకొచ్చేది ఆడవాళ్ళమే. పాయ మొదట్లో గుంజకు ఎర్రగుడ్డ కనిపిస్తే, కట్టినవాళ్ళు విప్పేదాకా ఎవరి పడవా లోపలికి పోదు. చిప్పలు ఎదగాలి కదా.

ఆ ఏడాది వానలకు ముందే గుడ్డ కనిపించింది. కట్టిందెవరో తెలియదు. ఊళ్ళో పెద్దమ్మలను అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పారు. నేను ఊరుకోలేక ఇల్లిల్లూ తిరిగి అడిగాను.

"నీకెందుకే ఆ గొడవ?" అని మా అత్త కసిరింది.

వానలు వెలిశాయి. గుడ్డ అలాగే ఉంది. ఒకరోజు పడవ గుంజ దాకా పోనిచ్చి చూశాను. అంచున నల్లదారంతో వేసిన కుట్టు నాకు తెలిసినదే. మా పక్కింటి ఫిలొమెన్ వదిన తలగుడ్డ అది. తిన్నగా వాళ్ళింటికి వెళ్ళి అడిగాను.

"మెల్లగా మాట్లాడు తల్లీ," అంది వదిన. "తడిసిందని ఆరేసి మరిచిపోయాను. మర్నాడు పోయేసరికి అందరూ దాన్ని చూసి వెనక్కి మళ్ళుతున్నారు. ఇక ఏ మొహం పెట్టుకుని విప్పను?"

ఆ సాయంత్రమే ఆమె గుడ్డ విప్పింది. చిప్పలు అరచేతంత ఎదిగి ఉన్నాయి. నేను ఆగలేక అత్తకు చెప్పేశాను.

"నాకు మొదటిరోజే తెలుసు," అంది అత్త, చిప్ప ఒలుస్తూ. "కట్టిందెవరో తెలిస్తే అందరూ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి లోపలికి పోయేవాళ్ళు. తెలియదు కాబట్టే ఆగారు. వచ్చే ఏడు నీ తలగుడ్డ ఆరేసి రా. నోరు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళు."