లేని లైసెన్సు కోసం ఒక క్వార్టరు

ముందే ఒప్పేసుకుంటున్నాను. గోరంతను కొండంత చేయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. నేను ఏం చెప్పినా మా ఆవిడ అందులో సగం కొట్టేసి, మిగతా సగాన్ని మా చెల్లెలికి ఫోన్ చేసి సరిచూసుకుంటుంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఈ జబ్బును ఫైళ్లకు అంటనివ్వలేదు. స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక నన్ను ఆపేవారు లేరు. పాఠకులు తమ జాగ్రత్తలో తాముండాలి.

కరోనా సెలవులు ముగిసి యూనివర్సిటీ క్యాంపస్ మళ్లీ తెరుచుకున్న ఏడాది, ఎండాకాలంలో, నన్ను అసిస్టెంట్ రిజిస్ట్రార్ హోదాలో ఎస్టేట్ విభాగానికి వేశారు. సిబ్బంది క్వార్టర్ల కేటాయింపు, మరమ్మతులు, నీళ్లు, చెట్లు, కోతులు మా పరిధిలోకి వస్తాయి. తార్నాక వైపు గేటు దగ్గరున్న మా ఆఫీసు నిజాం కాలంలో గుర్రాలకు కట్టించిందని అంటారు. గుర్రాలు ఎందుకు వెళ్లిపోయాయో అక్కడ ఒక్క మే నెల గడిపితే తెలుస్తుంది. నా పైఅధికారి డిప్యూటీ రిజిస్ట్రార్ శేషగిరిరావుగారు. తెనాలి మనిషి. మడత నలగని చొక్కా, మాట తప్పని నోట్‌షీటు. నాకు ముందు నా కుర్చీలోనే చాలా ఏళ్లు పనిచేసి పదోన్నతి మీద పక్క గదికి వెళ్లారు.

నేను చేరిన నెలలోనే ఆడిట్ పార్టీ దిగింది. ఆడిట్ వాళ్లు నోటితో ఏమీ అడగరు. కాగితాన్ని నిలువునా రెండు భాగాలు చేసి, ఎడమవైపు ప్రశ్న రాస్తారు, కుడివైపు మనం జవాబు రాయాలి. దీన్ని హాఫ్ మార్జిన్ అంటారు. ఆ ఎడమ సగం చూసి గుండె పట్టుకున్న సూపరింటెండెంట్లు నాకు తెలుసు. మాకు వచ్చిన హాఫ్ మార్జిన్ ఇది: క్వార్టర్లలో టెలివిజన్ ఉన్న ప్రతి ఉద్యోగీ లైసెన్సు పొంది ఉండాలని, లేకుంటే కేటాయింపు రద్దు చేయవచ్చని మీ నిబంధనల్లో ఉంది, లైసెన్సులు పరిశీలించారా?

నేను ఫక్కున నవ్వాను. ఇంట్లో టీవీకి లైసెన్సు ఎనభైల్లోనే ఎత్తేశారు. మా నాన్న రేడియో లైసెన్సు కోసం పోస్టాఫీసుకు వెళ్లడం చిన్నప్పుడు చూశాను. ఆ తరంతోనే ఆ ముచ్చట ముగిసింది. "వర్తించదు" అని కుడివైపు ఒక్క మాట రాసి పంపేద్దామని పెన్ను తీశాను. శేషగిరిరావుగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"తొందరపడకయ్యా. పాత జవాబులు చూశావా?"

చూశాను. పెన్ను దానంతటదే జేబులోకి వెళ్లిపోయింది. ఆఫీసుల్లో ఒక ఆచారం ఉంది. ఏ ఆడిట్ ప్రశ్నకైనా "పరిశీలనలో ఉంది" అని రాస్తే ఆ ఏడాదికి గండం గడుస్తుంది. ఆయన ఏడాదికోసారి ఈ ప్రశ్నకు అదే రాశారు. లేని లైసెన్సును ఇన్నేళ్లూ పరిశీలిస్తూనే ఉన్నారన్నమాట! ఈసారి వచ్చిన ఆడిట్ ఆఫీసరు నరసింహంగారు ఆ జవాబులన్నీ వరసగా పేర్చి, "ఫలితమేమిటి?" అని ఒక్క ముక్క అడిగారు. అసలు లైసెన్సు అవసరమే లేదంటే ఇన్నేళ్ల జవాబులూ అబద్ధాలని రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టే. రిటైర్మెంటు దగ్గరపడిన శేషగిరిరావుగారికి అది ప్రాణసంకటం.

దానికి ఆయన ఒక విరుగుడు కనిపెట్టారు. చర్య తీసుకున్నట్టు ఒక్క కేసు చూపిస్తే ఆడిట్ శాంతిస్తుందట. ఆ ఒక్కటీ ఎవరిదన్నది అప్పటికే నిర్ణయమైపోయింది, ఎందుకంటే ఒకరి మీద ఫిర్యాదు ఉంది.

ఆ ఒకరు లైబ్రరీలో పనిచేసే పద్మావతమ్మ. నంద్యాల వైపు మనిషి. కింది అంతస్తు క్వార్టరు. భర్తకు పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. ఇంటి ఎదురుగానే హెల్త్ సెంటర్, అందులో ఫిజియోథెరపీ. రోడ్డు దాటించడానికే ఆమెకు ఇద్దరి సాయం కావాలి. ఆ ఇల్లు పోతే అడిక్‌మెట్‌లోనో సీతాఫల్‌మండిలోనో మూడో అంతస్తు మెట్ల కింద ఆయన వైద్యం ఆగిపోతుంది. ఫిర్యాదు చేసింది పరీక్షల విభాగం సీనియర్ అసిస్టెంట్ యాదగిరి. కేటాయింపు జాబితాలో తర్వాతి పేరు అతనిదే. పిలిచి అడిగాను.

"నాకేం పగలేదు సార్. మా అమ్మకు మోకాళ్లు అరిగిపోయినయి, మెట్లెక్కుతలేదు. కింద ఇల్లు కావాలె. వాళ్లింట్ల గోడంత టీవీ ఉన్నది, రోజు క్రికెట్ నడుస్తది. రూలు బుక్కుల ఉన్నది గద, గందుకే రాసిన."

తనిఖీకి నన్నే పంపారు. నేను వచ్చే కబురు నాకన్నా ముందే చేరింది. పద్మావతమ్మ టీవీ మీద పట్టుచీర కప్పి, చీర మీద పసుపుకుంకుమలు పెట్టి, ముందు దీపం వెలిగించింది. అంత పెద్ద దేవుణ్ణి నేను తిరుమలలో కూడా చూడలేదు. మంచం మీది నుంచి ఆమె భర్త, వంకర తిరిగిన మూతితోనే, స్కోరెంతయిందని నన్ను అడిగాడు. ఆమె ముఖం కప్పుకుంది.

"సార్, మాకు కేబుల్ లేదు, డిష్షు లేదు. నెట్‌లో వచ్చేది చూస్తాడు. ఆ యాప్‌కు దుడ్లు కడతానే ఉండాం. దానికీ లైసెన్సు కావాల్నా? యాడ ఇస్తారో చెప్పండి, ఇప్పుడే పోయి తెచ్చుకుంటా. ఈయప్పను తీసుకొని నేను యాడికి పోయేది?"

మర్నాడు ఆడిట్ చివరి సమావేశం. అప్పటికి రద్దు ఉత్తర్వు టైపు చేసి పెట్టమన్నారు శేషగిరిరావుగారు.

పొద్దున్నే తార్నాక పోస్టాఫీసుకు పరుగెత్తాను. క్యూలో నాకన్నా ముందు పద్మావతమ్మ! చేతిలో ఆధార్, కరెంటు బిల్లు, రెండు ఫొటోలు. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఆమె అడిగింది విని పక్క కౌంటర్ వైపు, సీలింగ్ వైపు, చివరికి నా వైపు చూసింది.

"టీవీ లైసెన్సా? గది ఎప్పుడో బంద్ అయింది ఆంటీ. నేను పుట్టకముందు ముచ్చట."

"నెట్‌లో చూసేదానికి?"

"యాప్‌కు మీరు కడ్తున్నరు గద. ఇంక మాకెందుకు కడ్తరు?"

ఆ మాటే కాగితం మీద రాసివ్వమన్నాను. పోస్టుమాస్టరు బయటికి వచ్చి, ఇచ్చేవాటికి రసీదు ఇవ్వగలంగానీ ఇవ్వని వాటికి ఇవ్వడానికి తమ దగ్గర నమూనా లేదని సవినయంగా చెప్పారు. చట్టం మా వైపు ఉంది, చేతిలో ముక్క కాగితం లేదు. ఆఫీసులో రెండోది లేకుంటే మొదటిది లేనట్టే. తిరిగొచ్చే ఆటోలో పద్మావతమ్మ ఆ ఫొటోలు తిప్పి తిప్పి చూసుకుంటూ కూర్చుంది.

మధ్యాహ్నం సమావేశం. బల్ల ఒకవైపు నరసింహంగారు, ఎదురుగా శేషగిరిరావుగారు, నేను. ఫిర్యాదుదారుడని యాదగిరిని గోడ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. పద్మావతమ్మ వరండాలో నిలబడింది. బల్ల మీద రద్దు ఉత్తర్వు, దాని మీద మూత తీసిన పెన్ను. గదిలో ఎంత నిశ్శబ్దంగా ఉందంటే పక్క గదిలో గుండుసూదులకు తుప్పు పట్టడం వినిపించింది.

నరసింహంగారు తెలివైన మనిషి. పాత లైసెన్సు పోయిందని ఆయనకూ తెలుసు. "కానీ ఇప్పుడు చూసేది పాత టెలివిజన్ కాదు కదా" అన్నారు. "లండన్‌లో మా బావమరిది ఇప్పటికీ కడుతున్నాడు. అక్కడ నెట్‌లో అయినా సరే, లైవ్ ప్రసారం చూస్తే లైసెన్సు కావాలి. పాత సినిమాలు పెట్టుకుంటే అక్కర్లేదు. ఈ ఇంట్లో చూస్తున్నది లైవ్ క్రికెట్. మన దగ్గర అవసరం లేదని సమర్థ అధికారి ఎవరైనా రాసిచ్చారా?"

శేషగిరిరావుగారు పెన్ను అందుకున్నారు. నిబ్బు కాగితాన్ని తాకింది. ఆయన ఇంటిపేరులో మొదటి అక్షరం సగం వరకు వచ్చింది.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. "అయ్యా, అవసరం లేదని ఎవరూ రాసివ్వలేదు. నిజమే. అవసరం ఉందని తమరు భావిస్తే, ఆ లైసెన్సు జారీ చేసే సమర్థ అధికారి ఎవరో ఎడమవైపు తమరే రాయండి. ఈమెతో పాటు క్యాంపస్‌లోని ప్రతి ఇంటినీ రేపే ఆయన దగ్గరికి పంపిస్తాం" అన్నాను.

నరసింహంగారు హాఫ్ మార్జిన్ దగ్గరికి లాక్కున్నారు. రాయడానికి పెన్ను పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. ఏ శాఖ పేరూ ఆయనకు తట్టలేదు. ఉంటే కదా! ఆడిట్ ఆఫీసరుకు ఎడమవైపు ఖాళీ మిగలడం నేను సర్వీసులో అదొక్కసారే చూశాను.

మిగిలింది మా పెద్దాయన పరువు. నేను కాగితం తీసుకుని కుడివైపు ఇలా రాశాను: "పరిశీలన పూర్తయినది. ఇళ్లలో టెలివిజన్ చూచుటకు, అది ఏ మార్గమున చూచిననూ, లైసెన్సు జారీ చేయు అధికారి ఎవరునూ లేరని తేలినది. నిబంధన తొలగించుటకు ప్రతిపాదించడమైనది."

శేషగిరిరావుగారు మూడుసార్లు చదివారు. "పరిశీలన పూర్తయినది" దగ్గర వేలు ఆగింది. ఇన్నేళ్లుగా రాసినవి ఆ రెండు మాటలతో అబద్ధాలు కాకుండా పోయాయి. నేనైతే ఆయన వయసు పదేళ్లు తగ్గిందనే చెబుతాను. సగంలో ఆగిన సంతకం మీదుగా రద్దు ఉత్తర్వుకు అడ్డంగా రెండు గీతలు కొట్టి, ఈ కాగితం మీద పూర్తి సంతకం పెట్టారు. నరసింహంగారు "అభ్యంతరం ఉపసంహరించడమైనది" అని రాశారు. వరండాలోకి వెళ్లి చెబితే పద్మావతమ్మ, "అయితే మ్యాచ్ పెట్టొచ్చా సార్?" అని మాత్రం అడిగింది. పాలకమండలి తర్వాతి సమావేశంలో ఆ నిబంధనను తొలగించింది. యాదగిరి మరో క్వార్టరు ఖాళీ అయ్యేదాకా వాళ్లమ్మను ఆ మెట్లే ఎక్కించాడు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇదీ. చట్టం రద్దయినంత మాత్రాన దాన్ని నమ్ముకున్న చిన్న నిబంధనలు వాటంతటవే రద్దు కావు. ఎవరో ఒకరు కూర్చుని కొట్టేయాలి. "పరిశీలనలో ఉంది" అని రాసే ప్రతి ఉద్యోగీ, పరిశీలించడానికి అసలు అక్కడేమైనా ఉందో లేదో ముందు చూసుకోవాలి.

ఇక కల్పన సంగతి. గుర్రాలు, గుండుసూదులు మీరెలాగూ నమ్మి ఉండరు. నేను అసలు కల్పించింది ఒక్కటే. ఆ సమావేశంలో లేచి నిలబడింది నేను కాదు. అప్పట్లో నా పదోన్నతి ఫైలు నడుస్తోంది, బల్ల మీది పేపర్‌వెయిట్‌లో గాలిబుడగలు చూస్తున్నాను. లేచింది గోడ పక్క యాదగిరి. నేను పైన పెట్టిన సమర్థ అధికారులూ, తమరూ అతని మాటల్లో లేరు. అతనన్నది ఇదీ:

"సార్, గా లైసెన్సు యాడ ఇస్తరో జర మీరే రాయున్రి. మా ఇంట్ల గుడ టీవీ ఉన్నది. ఇయ్యాల గామెను ఎల్లగొట్టి ఇల్లు నాకిస్తరు. రేపు గిదే కాయితం పట్టుకొని మా అమ్మ కాడికొస్తరు."