రుమాలులో కట్టిన నేపాలీ నోటు

ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన నాకు, ఎవరి సంచిలోనైనా చెయ్యిపెట్టి సర్దేసే జబ్బుంది. నంద్యాల నుంచి బస్సు మాట్లాడుకుని బంధువులమంతా ముక్తినాథ్ యాత్రకు పోయినప్పుడు ఆ జబ్బే నన్ను ఇరికించింది.

తిరుగు ప్రయాణంలో బస్సు నేపాల్ సరిహద్దు దగ్గర ఆగింది. అటువైపు అన్నం పెట్టే నోటు, ఇటు నాలుగడుగులేస్తే ఉత్త కాగితం. ఈ వింత నాకు భలే నచ్చింది. నోటు మీది కొండా మారలేదు, ఖడ్గమృగమూ మారలేదు, మన కాళ్ల కింది నేల మారిందంతే. అందరి దగ్గరా మిగిలిన నోట్లు పోగుచేసి మార్చే పని నేనే నెత్తినేసుకున్నాను. మా అక్కా బావా టీ తాగడానికి దిగారు. సీట్లో ఉన్న అక్క చేతిసంచి తెరిస్తే, బావ రుమాలు మూలకు ముడేసిన నేపాలీ వంద నోటు కనబడింది. మరిచిపోయి ఉంటుందిలే అని ముడి విప్పి దాన్నీ మార్చేశాను. వచ్చిన మన డబ్బులు అదే రుమాలులో పెట్టాను.

బస్సు గోరఖ్‌పూర్ దాటాక అక్క సంచి తెరిచింది. రుమాలు తీసి నాలుగు మూలలూ వెతికింది.

"నీకెవురు చెప్పినారు మే, ముడి విప్పమని?"

అప్పుడు చెప్పింది. కొండ మీద బావకు ఊపిరాడక తన్నుకులాడుతుంటే, ఆయన్ను ప్రాణంతో ఇల్లు చేర్చమని అహోబిలం నరసింహస్వామికి మొక్కుకుందట. చేతిలో ఉన్న నోటుతోనే ముడుపు కట్టింది. పసుపు గుడ్డ దొరక్క రుమాలుతో సరిపెట్టుకుంది. మొక్కు చెల్లించేదాకా ముడుపు విప్పకూడదు. ఇంకా ఇల్లు చేరకముందే నేను విప్పేశాను.

బావ ఆళ్లగడ్డలో ఇల్లు చేరాడు గానీ దగ్గు తగ్గలేదు. ఫోన్లో ఆ దగ్గు వినబడినప్పుడల్లా అక్క మాట ఆపేది. అహోబిలం ఎప్పుడు పోతావంటే, ఏం పట్టుకొని పోవల్ల అనేది. నాకు మొక్కుల మీద నమ్మకం లేదు. అయినా భయమేసింది. నోటు మారితే మొక్కు కూడా మారిపోతుందా అని ఒకటే ఆలోచన.

నంద్యాల బ్యాంకుల్లో అడిగితే, నేపాలీ నోట్లు మా దగ్గరెందుకుంటాయని నవ్వారు. చివరికి మా వీధి గూర్ఖా గుర్తొచ్చాడు. ఒకటో తారీఖు పొద్దున ఆయన ఇంటింటి డబ్బులకు వచ్చినప్పుడు, వచ్చీరాని హిందీలో విషయమంతా చెప్పాను. ఇన్నేళ్లలో ఆయనది ఏ ఊరని కూడా నేను అడగలేదు. ఆయన ఫోను కవరు ఊడదీసి, వెనకాల మడిచి పెట్టుకున్న వంద నోటు తీశాడు. సరిహద్దు దాటగానే తన ఊరి బస్సెక్కడానికి దాచుకున్న చార్జీ అట. కాసేపు దాన్నే చూసి నా చేతిలో పెట్టాడు. బదులు మన డబ్బులిస్తే మొహమాటంగా తీసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆళ్లగడ్డ పోయాను. అక్కవాళ్ల వీధంతా శిల్పులు రాళ్లు చెక్కే చప్పుడు. గెలిచినట్టు నోటు అక్క ముందు పెట్టాను. యాడ దొరికిందని అడిగితే అంతా చెప్పాను. అక్క నోటును తిప్పి తిప్పి చూసి నా ఒళ్లో పడేసింది.

"మీ బావను ఇల్లు చేర్చమని మొక్కుకుంటి. ఇంగొకరు ఇల్లు చేరే చార్జీ తీస్కపోయి ఎట్లేస్తా మే హుండీలో?"

లేచి దేవుడి గూట్లోంచి రుమాలు తెచ్చింది. నేను సరిహద్దులో మార్చి పెట్టిన డబ్బులు దాన్లో అట్లాగే ఉన్నాయి. ఈసారి పసుపు గుడ్డలో కట్టి, గట్టిగా ముడేసి, శనివారం అహోబిలం పోతాండామని లోపలున్న బావకు కేకేసి చెప్పింది.

గూర్ఖాకు తిరిగివ్వాల్సిన నోటు నా సంచి అడుగున పెట్టుకుని నంద్యాల బస్సెక్కాను. పక్కన కూర్చున్నామె చిల్లరుందా అని అడిగింది. ఉన్నా లేదన్నాను. ఊరు చేరేదాకా ఆ సంచి తెరవలేదు.