సముద్రంలో వదిలిన బట్టలు

నవంబరు 5, బుధవారం, కార్తీక పౌర్ణమి. కాకినాడ తీరంలో ఉన్నవారు: నేను, నా భార్య, ఆమె అక్కగారు.

వీపున సంచులతో నరసాపురం, మొగల్తూరు తిరిగి ఇక్కడికి చేరాం. మోకాలి లోతు నీళ్లలో దిగేసరికి, జనం స్నానాలు చేసి వదిలేసిన చీరలు, పంచెలు జిగటగా కాళ్లకు చుట్టుకున్నాయి. వదినగారు మూడు మునకలు వేసి, పొడి చీర కట్టుకుని, తడి చీర అలల్లోకి విసిరారు.

“ఎందుకండీ, సంచిలో పెట్టుకోండి,” అన్నాను.

“పాపాన్ని మళ్లీ ఇంటికి మోసుకెళ్లమంటారా ఏంటి మరిదిగారూ? మీ పంచె కూడా పడెయ్యండి.”

వాదించే ఓపిక లేక నేనూ పడేశాను.

మర్నాడు పొద్దున్న ఒడ్డున మత్స్యకారులు వల లాగుతున్నారు. బరువుగా వస్తోందని వాళ్ల ఆడవాళ్లు గంపలతో ఎదురొచ్చారు. తీరా చూస్తే వల నిండా బురద పట్టిన బట్టలే. ఆ బరువుకు వల నడిమికి చిరిగిపోయింది.

“పుణ్యం మీరు పట్టుకెళ్లిపోతారు, పాపాలు మా వల్లో పడతాయండి,” అంది ఒకామె నాతో. నా మీద నాకే రోత పుట్టింది.

వదినగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, “ఛీ, ఎవరు పడేశారో, బుద్ధిలేని జనం,” అన్నారు.

ఆ రోజు వాళ్లు మళ్లీ వల వెయ్యలేకపోయారు.