పరువు మాస్టారు

లెక్కల మాస్టారికి ఒకటే జబ్బు. గొప్పవాళ్ళ ఫొటో కనిపిస్తే చాలు, వాళ్ళ పరువు తీయందే అక్కణ్ణించి కదలరు. పిల్లలు ఆయనకి పరువు మాస్టారని పేరు పెట్టేశారు.

విదేశాల్లో పెద్ద చదువులకి స్కాలర్‌షిప్పులు గెలిచిన పాత విద్యార్థుల ఫొటోలన్నీ బడి వరండాలో వరసగా ఉంటాయి. కోట్లు, టైలు, మొహాల నిండా గాంభీర్యం. మాస్టారికి అవేవీ ఆనవు.

"ఈవిడ ఇప్పుడు పెద్ద శాస్త్రవేత్త. ఇంటర్వ్యూలో పేరేంటని అడిగితే, 'కాస్త ఆలోచించుకుని చెప్తానండీ' అంది."

"ఈ జడ్జిగారు కంగారులో ఇంటర్వ్యూ చేసే పెద్దమనిషి ఒళ్ళోనే కూర్చున్నాడు."

హెడ్‌మిస్ట్రెస్ తల పట్టుకునేది. "మాస్టారూ! వాళ్ళు మన బడికి పేరు తెచ్చినవాళ్ళండీ!"

"తేలేదన్నానా? ఒళ్ళో కూర్చుని కూడా తెచ్చాడంటున్నా."

ఆ ఏడు టైలర్‌గారి అమ్మాయి స్కాలర్‌షిప్పు రాతపరీక్షలో అందరికంటే ఫస్టు వచ్చింది. ఇంక ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది. చిక్కంతా అక్కడే. నలుగురు ఎదురుగా కూర్చుంటే చాలు, ఆ పిల్ల నాలుక అంగిలికి అతుక్కుపోతుంది. ఇంట్లో నాన్న మురిసిపోతూ కొత్త కోటు కుడుతున్నాడు. ఆయనకి ఆ సంగతి చెప్పే ధైర్యం కూడా లేదు. ఇంటర్వ్యూ ముందురోజు వరండాలోకొచ్చి ఫొటోలు చూసేసరికి ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది. వీళ్ళెక్కడ, నేనెక్కడ? వెళ్ళనని హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్పేద్దామని బయల్దేరింది.

సరిగ్గా అప్పుడే హెడ్‌మిస్ట్రెస్ ఎదురొచ్చింది. పక్కన ఆరోజు ముఖ్య అతిథి. ఆయనా ఆ ఫొటోల్లోని మనిషే, పేరుమోసిన గుండె డాక్టరు. వెనకాలే మాస్టారు.

మాస్టారు అమ్మాయి మొహం ఓసారి చూశారు. వెంటనే డాక్టరు ఫొటో ముందు ఆగిపోయారు.

"ఈ మహానుభావుడున్నాడే, మొదటి ప్రశ్నకే భయపడి వాళ్ళ మంచినీళ్ళ గ్లాసులన్నీ వరసగా తాగేశాడు. ఆఖరాయన తన గ్లాసు గట్టిగా పట్టుకున్నాడట!"

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళు మూసుకుంది.

"నిజమేనా సార్?" అంది అమ్మాయి.

డాక్టరు మాస్టారి వైపు చూశాడు. మాస్టారు పైకప్పు చూస్తున్నారు.

"గ్లాసులతో ఆగలేదమ్మా, జగ్గు కూడా ఖాళీ చేశా. తర్వాత బాత్రూం ఎక్కడని అడిగా. ఆరోజు తడబడకుండా మాట్లాడిందల్లా ఆ ఒక్క ముక్కే."

అమ్మాయి పకపకా నవ్వింది. మర్నాడు కోటు తొడుక్కుని ఇంటర్వ్యూకి వెళ్ళింది. వాళ్ళ ముందున్న గ్లాసులు చూసి నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే మాటా వచ్చింది. స్కాలర్‌షిప్పూ వచ్చింది.

అభినందించడానికి ఫోన్ చేసిన డాక్టరు అసలు సంగతి చెప్పాడు. "నా ఇంటర్వ్యూ గదిలో అసలు మంచినీళ్ళే పెట్టలేదమ్మా. నా వంతుకి మాస్టారు జడ్జిగారి కథ చెప్పి పంపారు. తర్వాత ఆయన్నడిగితే, అదీ అబద్ధమేనట."

అమ్మాయికి మాస్టారి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. విదేశం బయల్దేరే ముందు దణ్ణం పెట్టి వెళ్దామని బడికొచ్చింది. మాస్టారు వరండాలో కొత్తగా పెట్టిన ఆమె ఫొటో కిందే ఉన్నారు. ఎదురుగా వక్తృత్వ పోటీకి వెళ్ళాల్సిన చిన్నపిల్ల గజగజా వణుకుతోంది.

"ఈ అమ్మాయి ఇంటర్వ్యూలో బల్ల కింద దూరింది. పాపం, వాళ్ళంతా నడుములు వంచి ప్రశ్నలడిగారు."

చిన్నపిల్ల వెనక్కి తిరిగి చూసింది. "నిజమా అక్కా?"

"నిజమే. కింద చల్లగా ఉందని చివరిదాకా బయటికి రాలేదు."

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని గర్వంగా అన్నారు.

"చూశావా? మా బడి పిల్లలు అబద్ధమాడరు."