నా పన్ను ఎలా ఊడిందంటే

నా ముందు పన్ను మా ఆయన హెల్మెట్ తగిలి ఊడింది. ఈ ఒక్క వాక్యం ఇప్పటికి ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. విన్నవాళ్లు "అయ్యో పాపం" అంటారు, తల ఊపుతారు, ఆ వెంటనే వాళ్ల చూపు నా నోటి మీంచి లేచి మా ఆయన చేతుల మీద వాలుతుంది. ఆ చూపంటే నాకు ఒళ్లుమంట.

జరిగింది ఇది. మేముండేది తాడేపల్లిగూడెం. కొల్లేరు పక్క ఊళ్లో మా ఆడపడుచు గృహప్రవేశానికి వెళ్లి, బండి మీద ఏలూరు మీదుగా తిరిగొస్తున్నాం. రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. నేను ఎప్పటిలాగే వెనక ఒక పక్కకి తిరిగి కూర్చున్నాను. పొద్దున మా ఆడపడుచు నలుగురిలో నా చీర మీద ఏదో అంటే ఈయన కూడా నవ్వారు. ఆ సంగతి తేల్చుకుంటున్నాను. హెల్మెట్ పెట్టుకుంటే మాట వినబడదు కాబట్టి ముందుకు వంగి, చెవి దగ్గర నోరు పెట్టి మరీ తేల్చుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే బ్రేకు పడింది. కుడిపక్క గట్టు మీంచి గేదె రోడ్డెక్కిందట. "అట" అని ఎందుకంటున్నానంటే, నేను కూర్చున్నది ఎడమవైపుకి, ఆ గేదెను నేను చూడలేదు. టక్కుమన్న చప్పుడు మాత్రం విన్నాను. ఒళ్లో ఏదో పడింది. చూస్తే పన్ను, వేరుతో సహా. దాని పక్కది సగానికి విరిగింది.

మా ఆయన సొసైటీ ఆఫీసులో గుమస్తా. గేదెను కూడా "కాస్త తప్పుకోండి" అని బతిమాలినట్టు హారన్ కొట్టే మనిషి. నా నోట్లో రక్తం చూసి నాకంటే ముందు ఆయనే కూలబడ్డారు. కాసేపటికి తేరుకుని, అంతకు ముందు తన దవడపన్ను చూపించుకున్న ఏలూరు క్లినిక్‌కి ఫోన్ చేశారు. వేరు ముట్టుకోవద్దు, తోమి కడగొద్దు, చల్లటి పాలల్లో వేసి గంటలోపల తీసుకురమ్మంది డాక్టరమ్మ. దగ్గర్లోనే టీకొట్టు ఉంది. కాని టీకొట్లో పాలన్నీ పొయ్యి మీద మరుగుతుంటాయి కదా! కొట్టు ఆవిడ ఐసు పెట్టెలోంచి పాల పాకెట్ తీసి కత్తిరించి, టీ పార్సిళ్లు కట్టే కవరులో పోసి, అందులో పన్ను వేసి మూతి ముడేసింది. నా చేతికిస్తూ మా ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీరు కాస్త అవతల నిలబడండి" అని ఆయనతో అని, నా చెవిలో, "పుట్టింటివాళ్లకి ఫోన్ చెయ్యమంటారా అమ్మా?" అంది. రక్తం చూసి కంగారు పడింది కాబోలు అనుకున్నాను.

ఏలూరు వెళ్లాక గాని నాకు విషయం ఎక్కలేదు. డాక్టరమ్మది చిన్న వయసు. ఎక్స్‌రే తీసి, మత్తు ఇంజక్షన్ ఇచ్చి, పన్నును సెలైన్‌తో కడిగి, నారు నాటినంత శ్రద్ధగా మళ్లీ దాని గుంటలోనే కూర్చోబెట్టింది. పక్క పళ్లతో కలిపి సన్నటి తీగ అతికించింది. రెండు వారాలు ముందు పళ్లతో ఏదీ కొరక్కూడదు, ఈలోపల రూట్ కెనాల్ మొదలుపెట్టాలి, విరిగినదానికి అంచు తర్వాత కడతాను అంది. పన్ను నిలుస్తుందా అనడిగితే, "ఎముక పట్టుకోవాలండీ, చూద్దాం" అంది. ఆ తర్వాత మా ఆయన్ని మందుల షాపుకి పంపించి తలుపు వేసింది.

"పన్ను సంగతి అయిందండీ. ఇక్కడ మీకు ఏ భయమూ లేదు. నిజం చెప్పండి, ఏం తగిలింది?"

"హెల్మెట్టండీ."

"హెల్మెట్‌తో కొట్టారా!"

మూతి మొద్దుబారి, మాట తొస్సిపోతుంటే గేదె, చీర, ఆడపడుచు అన్నీ వరసగా చెప్పుకొచ్చాను. ఆడపడుచు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్లు చిన్నవయ్యాయి. "అంటే అప్పుడు మీరిద్దరూ గొడవ పడుతున్నారన్నమాట" అని కాగితం మీద ఏదో రాసుకుంది. మందులు పట్టుకొచ్చిన మా ఆయన చేతిలోంచి నర్సు ఆ కవరు లాక్కున్నంత పని చేసింది.

నేను పెంటపాడు దగ్గర ఒక బడిలో సైన్సు చెబుతాను. బడిలో కూడా ఇదే తంతు. బండి ఆగినా వెనక కూర్చున్న మనిషి ఎందుకు ముందుకు పడుతుందో, జడత్వం అంటే ఏమిటో, స్టాఫ్ రూములో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. హిందీ టీచరు అంతా విని, "నిప్పు లేనిదే పొగ రాదు కదండీ" అని నిట్టూర్చింది. మర్నాడు నా క్యారేజీ మూత కింద మడత పెట్టిన కాగితం. విప్పితే ఆడవాళ్ల హెల్ప్‌లైన్ నంబరు. ఆదివారం చర్చిలో ఒక పెద్దావిడ "కొన్ని కుటుంబాల్లోని కోపాన్ని తీసివెయ్యి ప్రభువా" అని ప్రార్థన ఎత్తుకుంటే, కళ్లు మూసుకున్నవాళ్లంతా ఒక కన్ను తెరిచి మా బెంచీ వైపు చూశారు. నేనూ ఒక కన్ను తెరిచే ఉన్నాను, లేకపోతే నాకెలా తెలుస్తుంది?

పన్ను నిలిచినా నిలవకపోయినా నాకంత బెంగ లేదు. పోతే కట్టించుకోవచ్చు. ఆయన మంచి పేరు పోతే ఏ డాక్టరు కట్టగలదు? పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నా మీద గొంతు పెంచని మనిషి. అరిచేదాన్ని నేనే. ఆ సంగతి వీధి వీధంతా వింది. అయినా అనుమానం ఆయన మీదే. ఈయనా తక్కువేం కాదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం. బజార్లో నా వెనక నాలుగడుగుల దూరంలో నడవడం, ఎవరైనా పలకరిస్తే చేతులు వెనక్కి పెట్టుకోవడం మొదలుపెట్టారు. రెండోసారి క్లినిక్‌కి వెళ్తే లోపలికే రాలేదు, బయట బండి దగ్గర ఎండలో నిలబడ్డారు. ఆ వాలకం చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

నాకూ వచ్చింది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. బ్రేకు అంత గట్టిగా ఎందుకు పడింది? నేను చెవిలో పోరు పెడుతున్నప్పుడే ఎందుకు పడింది? ఆ గేదెను ఆయన తప్ప ఎవరు చూశారు? మూడు రోజులు మనసులో పెట్టుకుని, నాలుగో రోజు అన్నం దగ్గర అడిగేశాను. "ఏవండీ, నిజంగా గేదె వచ్చిందా?"

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "నువ్వు కూడానా" అని కూడా అనలేదు. నా కంచం తీసుకుని, అన్నం ఇంకాస్త మెత్తగా పిసికి, పప్పు కట్టు పోసి నా ముందు పెట్టి పెరట్లోకి వెళ్లిపోయారు. ఆ అన్నం తినడానికి నాకు చాలాసేపు పట్టింది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట అడగలేదు.

పదో రోజున ఉంగుటూరు నుంచి మా అమ్మ వచ్చింది, జావ కాచడానికి రాగిపిండి పట్టుకుని. నన్ను ఏమీ అడగలేదు. అమ్మయ్య, ఒక్కరైనా నమ్మారు అనుకున్నాను. సాయంత్రం ముగ్గురం ముందు గదిలో ఉన్నాం. నేను కుర్చీలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. అటక మీద ఏదో పుస్తకం ఉంటే దించుదామని మా ఆయన నా పక్కకి వచ్చి చెయ్యి పైకెత్తారు. చాప మీద కూర్చున్న అమ్మ, మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుంటే గాని లేవలేని అమ్మ, ఎప్పుడు లేచిందో తెలియదు. ఆయనకీ నాకూ మధ్య నిలబడి ఉంది.

ఆయన చెయ్యి మెల్లిగా దించుకుని, "పుస్తకం కోసమండీ అత్తయ్యగారూ" అన్నారు. చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయారు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. అమ్మ రెక్క పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లాను. "నువ్వు కూడానా! ఆయన అలాంటి మనిషా? నీకు తెలీదా? గేదె అడ్డమొచ్చింది, హెల్మెట్ తగిలింది. ఎన్నిసార్లు చెప్పాలి మీ అందరికీ?" అని అరిచాను. నోట్లో తీగ లాగి నొప్పి పెట్టింది.

"అల్లుడుగారు మంచివారేనే. నేను కాదన్నానా?" అంది అమ్మ. "చెయ్యి లేస్తే నా కాళ్లు ఆగవు. అంతే."

"అదేం మాట?"

అమ్మ గిన్నెలో రాగిపిండి పోసి నీళ్లు కలుపుతూ చెప్పింది. "మీ నాన్నగారు నా పన్ను ఊడగొట్టిన రోజున గడప తగిలి పడ్డానని చెప్పాను. పాస్టరుగారు అడగలేదు. మా అమ్మ అడగలేదు. కట్టుడు పన్ను పెట్టిన డాక్టరూ అడగలేదు. ఒక్క మాటకే అందరూ నమ్మేశారు. నిన్ను ఇంతమంది అడుగుతున్నారంటే, అడగనియ్యవే."

నాన్నగారు పోయి ఆరేళ్లయింది. ఆయన ఫొటో మా ముందు గదిలోనే ఉంది. అమ్మ ఆ గడప మీద పడ్డానన్నప్పుడు నాకు పదేళ్లు. ఆ తర్వాత చాలా రోజులు, ఇంటికి ఎవరొచ్చినా "గడప దగ్గర జాగ్రత్తండీ" అని ఎదురెళ్లి చెప్పింది నేనే.