మా గోడ మీద గేజి, పక్కింటి మెరక

మా సందు మొదట్లో మురుగుకాలవ మీద ఒక కల్వర్టు ఉంది. దానికి రెండు పక్కలా మోకాలెత్తు గట్లు. పొద్దున్నే పాల ప్యాకెట్లు తెచ్చుకుంటూ ఇళ్లవాళ్లం అక్కడ కాసేపు కూర్చుంటాం. రాజకీయాలు పెద్దగా ఉండవు. ఎవరి ఇంటి బాధ వాళ్లు చెప్పుకోవడమే. బందరు ఉప్పుగాలికి స్లాబులో ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడుతోందని ఒకరంటారు. బోరు నీళ్లు చవుడెక్కి కుళాయిలు ఆరు నెలలు కూడా ఆగడం లేదని ఇంకొకరు. కొబ్బరి మట్టలకి తెల్లదోమ, ద్వారబంధాలకి చెద. ఒకరు చెప్పింది విని ఇంకొకరు తెలిసిన మందు చెబుతారు. ఆ గట్టు మీద నేను పాతికేళ్లు కూర్చున్నాను. అక్కడ చెప్పిన మాట బయట ఇంకోలా ఉపయోగపడుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

నా ఉద్యోగమంతా కాలవ లాకుల దగ్గర గడిచింది. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ గేజి చూసి, నీటిమట్టం రిజిస్టరులో రాసి పైకి తెలియజేయాలి. జ్వరమొచ్చినా, పెళ్లయినా ఆ రెండు అంకెలు తప్పలేదు. రిటైరయ్యాక చెయ్యి ఊరుకోలేదు. మా పెరట్లో, బట్టలుతికే బండ పక్కన, గోడకి తెల్ల రంగు వేసి నల్లగా అంగుళాల గీతలు గీశాను. వాన పడ్డప్పుడల్లా పెరట్లో నీళ్లు ఎంత నిలిచాయో, ఎన్ని గంటలకి తీశాయో డైరీలో రాయడం మొదలుపెట్టాను. మా ఆవిడ మొదట్లో నవ్వేది.

"గవర్నమెంటు వదిలేసినా మీరు వదలరా? ఈ లెక్క ఎవరికి పంపుతారు ఇప్పుడు?"

"ఎవరికీ పంపను. ఉంటుంది, అంతే."

మా పక్కింటాయన గుడివాడలో ఎరువుల షాపు నడిపి, అది మూసేశాక ఇక్కడ స్థిరపడ్డారు. చుట్టరికం ఏమీ లేదు. మాది చర్చికి వెళ్లే కుటుంబం, వాళ్లది ఘంటసాల వైపు రైతు కుటుంబం. అయినా మొదటి రోజు నుంచీ ఆయన నన్ను "బావగారూ" అనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి. మా పెరట్లో మునగచెట్టు ఆయనిచ్చిందే. వాళ్ల చెట్టు కొమ్మ ఒకటి నరికి, చేతికర్రలా ఊపుకుంటూ తెచ్చి, తానే గొయ్యి తవ్వి పాతారు. "ఇది మీ ఇంట్లో, అది మా ఇంట్లో. ఎవరి చెట్టు కాయకపోయినా రెండో వాళ్లది కాస్తుంది" అన్నారు. ఆ చెట్టు ఏటా విరగ్గాసింది. మొదటి కాపు మునక్కాడలు ఎప్పుడూ వాళ్లింటికే వెళ్లేవి.

స్థలాలు కొన్న కొత్తలోనే మా రెండిళ్ల మధ్య ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఇల్లు ఎవరు ఎంతెత్తయినా కట్టుకోవచ్చు. పెరళ్లు మాత్రం ఒకే మట్టంలో ఉండాలి. మధ్యలో చెరో అడుగు వదిలి రెండడుగుల కాలవ ఉంచాలి. మా ఊళ్లో భూమి బల్లపరుపు, ఒకడు నాలుగు ట్రక్కుల మట్టి ఎక్కువ తోలిస్తే చాలు, పక్కవాడి పెరడు చెరువవుతుంది. ఆ కాలవ నోరు వెనక మురుగుకాలవలోకి తెరుచుకునేది. అది ఆయన స్థలం వైపు ఉంది. మా వెనక వేరే వాళ్ల ఇల్లు, మాకు వేరే దారి లేదు. ఎంత వాన పడ్డా ఆ నోటి గుండా తెల్లారేసరికి నీళ్లు తీసేసేవి. ఈ మాట అనుకున్న రోజు కూడా, ఉద్యోగంలో ఉండగా రాసుకున్న నా పాత డైరీలో ఉంది.

రెండేళ్ల కిందట ఆయన పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాలనుకున్నారు. ఒక సాయంత్రం మా వరండాలోకి వచ్చి కూర్చున్నారు.

"బావగారూ, మీ డైరీలతో పని పడింది. పెరట్లో ఎక్కువలో ఎక్కువ నీళ్లు ఎంత నిలిచాయో కాస్త చూసి పెడతారా? మేస్త్రి అడుగుతున్నాడు."

ఇన్నేళ్లలో నా లెక్కతో పని ఉందని అడిగిన మొదటి మనిషి ఆయన. నాకు కలిగిన సంతోషం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. రెండు రోజులు కూర్చుని పన్నెండు డైరీలు తిరగేశాను. తెల్లకాగితం మీద స్కేలుతో గళ్లు గీసి, ఏ వాయుగుండానికి ఎన్ని అంగుళాలు, ఎన్ని గంటలు నిలిచాయి, అన్నీ శుభ్రంగా ఎక్కించాను. అన్నిటికన్నా పెద్ద అంకె పద్దెనిమిది అంగుళాలు. దాని కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాను.

మా ఆవిడ భుజం మీదుగా చూసింది. "మన పెళ్లి శుభలేఖ కూడా ఇంత అందంగా రాయించలేదు."

"ఆయనకి పనికొస్తుంది."

"వస్తుందిలెండి. మనకి పనికొస్తుందో లేదో చూడండి."

దాన్ని అప్పుడు ఎగతాళి అనుకున్నాను.

పని మొదలయిన రోజు మేస్త్రి పొడవాటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి తెచ్చాడు. ఒక కొస ఒకచోట, రెండో కొస ఇంకోచోట పట్టుకుంటే, రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. దాన్ని బట్టి మట్టం గుర్తుపెడతారు. ఒక కొస నా గోడ గేజి దగ్గర నన్నే పట్టుకోమన్నారు.

"మీ సున్నా ఎక్కడో నా పెరడూ అక్కడే, బావగారూ," అని ఆయన అవతలి నుంచి అరిచారు. "గట్టిగా పట్టుకోండి, వణక్కండి!"

"లాకుల మీద ముప్ఫయ్యేళ్లు నిలబడ్డ చెయ్యి, ఇప్పుడు వణుకుతుందా?" అన్నాను. మేస్త్రితో సహా అందరూ నవ్వారు. నీళ్లు సున్నా గీత మీద నిలిచాయి. అవతల మేస్త్రి నీలం సుద్దతో గుర్తు పెట్టాడు. అది నా కళ్లతో చూశాను.

గోడలు లేచాయి, స్లాబు పడింది. పెరడు సర్దే పని మిగిలింది. అప్పుడే గుడివాడలో మా మరదలి గృహప్రవేశ ప్రార్థన ఉందని నాలుగు రోజులు వెళ్లాం. వెళ్తూ ఇంటి తాళం ఒకటి ఆయనకే ఇచ్చాను. మొక్కలకి నీళ్లు పోయాలి కదా.

తిరిగొచ్చి పెరటి తలుపు తీసేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. మధ్య కాలవ లేదు. ఆయన వైపు కొత్త సిమెంటు ఇటుకల గోడ. దాని అవతల ఎర్రమట్టి. గోడ పక్కన నిలబడితే వాళ్ల పెరటి నేల నా తొడల దాకా ఉంది. కాలవ నోరు ఆ మట్టి కింద ఎక్కడో ఉంది. మా మొక్కలన్నిటికీ మాత్రం చక్కగా నీళ్లు పోసి ఉన్నాయి.

నేను ఆ పూటే వెళ్లాను. ఆయన కొత్త వరండాలో నిలబడి ఉన్నారు. నాలుగు మెట్ల కింద నేను.

"రండి బావగారూ, ప్రార్థన బాగా జరిగిందా? కాఫీ తాగుదురు గాని."

"కాలవ ఏదండీ?"

"అదా? చెత్త పేరుకుపోతోంది, దోమలు. మేస్త్రి పూడ్చేద్దామన్నాడు. నా అడుగు నేను కలుపుకున్నాను. మీ అడుగు మీకే ఉంది, ముట్టుకోలేదు."

"నోరు మీ వైపుందిగా. నా అడుగు పెట్టుకుని నేనేం చేసుకోను? పెరళ్లు ఒకే మట్టం అనుకున్నాం కదా. ఆ రోజు గొట్టం పట్టుకున్నది నేనే."

"పట్టుకున్నారు, కాదనను. మట్టం తెలిస్తేనే కదా ఎంత పెంచాలో తెలిసేది."

నేను డైరీ తీసుకెళ్లాను. వేలు పెట్టి ఉంచిన పేజీ తెరిచి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా ఓపిగ్గా చదివారు.

"మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, బావగారూ. కానీ ఇది మీరు రాసుకున్నది. నేనెక్కడైనా సంతకం పెట్టానా?"

నేను డైరీ మూసేశాను. ఆయన కొంచెం గొంతు తగ్గించి అన్నారు. "కోపం తెచ్చుకోకండి. మీ కాగితం చూసేదాకా నాకూ తెలీదు, అన్ని నీళ్లొస్తాయని. పద్దెనిమిది అంగుళాలని ఎర్ర సిరాతో మీరే రాశారు. చూశాక ఎవడైనా పల్లంలో ఉంటాడా? రెండడుగులు తోలించాను. మీరూ తోలించండి. చెప్పలేదంటారా, చెబితే వద్దనేవారు."

ఆ చివరి మాట ఒక్కటే నిజం. చెబితే వద్దనేవాణ్ణి.

మా ఇల్లు పాతది. పెరడు రెండడుగులు మెరక చేస్తే వంటింటి గడప కిందికి పోతుంది, వాన నీళ్లు నేరుగా పొయ్యి దగ్గరికే వస్తాయి. ఇద్దరు మేస్త్రీలను పిలిపించి అడిగాను. ఇల్లు పడగొట్టడం తప్ప దారి లేదన్నారు.

మొదటి వాయుగుండం నవంబరులో వచ్చింది. సాయంత్రానికి పద్నాలుగు. చీకటి పడేవేళకి ఇరవై. నా గీతలు ఇరవై నాలుగు దాకానే ఉన్నాయి. మా వంటింటి గడప ఇరవై రెండు దగ్గర. బియ్యం డబ్బా, పప్పుల డబ్బాలు బల్లల మీదికి ఎక్కించాం. గడపకి అడ్డంగా ఇసక బస్తాలు వేశాను. ఇరవై ఒకటిన్నర దగ్గర వాన ఆగింది. మామూలుగా తెల్లారేసరికి తీసేసే నీళ్లు ఆరు రోజులు నిలిచాయి.

రెండో రోజు నేను పంచె పైకి కట్టుకుని గేజి చూస్తుంటే, గోడ మీదుగా ఆయన తల కనిపించింది. ఎప్పుడూ అడిగినట్టే అడిగారు.

"ఎంతొచ్చింది బావగారూ?"

గోడ మీద గీతలు గీసినప్పటి నుంచీ ప్రతి వానకీ ఆయన అడిగిన ప్రశ్నే అది. ఆ గొంతులో వెటకారం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వినపడనట్టు లోపలికి వచ్చేశాను.

మునగచెట్టు ఆకు పండబారి, ఒక్కసారిగా రాలింది. వేరు కుళ్లిందని మొదలు ముట్టుకోగానే తెలిసింది. పడేలోపే మా ఆవిడ పైన పచ్చిగా ఉన్న రెండు కొమ్మలు నరికించి, ముందు గుమ్మం పక్కన సిమెంటు వర ఒకటి నిలబెట్టి, మట్టి నింపి అందులో పాతింది. పక్కింటావిడ గోడ మీద నుంచి పలకరించింది.

"వదినగారూ, ఈసారి మునక్కాడలు పంపలేదే?"

"కాళ్లు నీళ్లలో పెట్టుకుని ఏం కాస్తుందమ్మా? మీ చెట్టు ఇంటి పనిలో కొట్టేశారుగా, కొమ్మ కావాలంటే చెప్పు, పంపుతాను. మీది మెరకే కదా, బాగా కాస్తుంది."

ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

ఈ మధ్య ఎదురింటి బ్యాంకు ఉద్యోగి ఇల్లు తిరగ్గట్టాలనుకుంటున్నాడు. కల్వర్టు గట్టు మీద ఆ మాట వచ్చింది. పక్కింటాయన నా వైపు చూపించి అతనితో అన్నారు, "మా బావగారి దగ్గర అన్ని లెక్కలూ ఉన్నాయి. అడుగు, కాదనరు."

అతను అడిగాడు. "మావయ్యగారూ, కాస్త చూసి చెబుతారా?"

చెప్పాను. "ఇదివరకు పద్దెనిమిది. ఇప్పుడు ఇరవై ఒకటిన్నర, ఆరు రోజులు." అంకె తప్పు చెప్పడం నాకు చేతకాదు. కాగితం మీద మాత్రం రాసివ్వలేదు. అతను మొహమాటంగా, "లెవెలు చూసేటప్పుడు ఒకసారి వస్తారా?" అంటే, "రాను బాబూ, చెయ్యి వణుకుతోంది" అన్నాను.

పక్కింటాయన కాలవ వైపు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఎవరో అడిగారు, "మరి మీ ఇంట్లో ఎలా ఉందండీ, అన్ని నీళ్లతో?"

"బాగానే ఉంది. మాకే ఇబ్బందీ లేదు," అన్నాను.

పాల ప్యాకెట్ తీసుకుని లేచి వచ్చేశాను. ఆ రోజు డైరీలో వాన లేదు అని రాసి, దాని కింద రాశాను: గట్టు మీద అబద్ధం చెప్పాను.