తుడిచేసిన గ్రీజు

నంద్యాలలో మెకానిక్ షాపు ముందు స్కూటీ ఆపినప్పుడల్లా ఆ గ్రీజు వాసనకు నాకు అవుకు రిజర్వాయరు గుర్తొస్తుంది.

మా నాయన అక్కడ ఒకాయన తెరచాప పడవను చూసుకునేవాడు. ప్రతి శనివారం దాన్ని ఒడ్డుకు లాగి, కొక్కేలూ కప్పీలూ కడిగి, చుక్కాని తిరిగే ఇనుప కడ్డీకి గ్రీజు పూసేవాడు. నాకప్పుడు ఏడేళ్లు. ఆ నల్లటి జిడ్డు నా కళ్లకు మురికిలాగే కనిపించేది. ఒకసారి నాయన టీకి వెళ్లగానే, మెచ్చుకుంటాడనుకుని, గౌను అంచుతో కడ్డీని తళతళలాడేలా తుడిచేశాను.

నాలుగు రోజులకే కడ్డీ తుప్పు పట్టి చుక్కాని బిగుసుకుపోయింది. పడవ, ఎక్కినవాళ్లతో సహా, ఒడ్డునున్న ముళ్లకంపల్లోకి పోయింది.

"ఏందప్పా, గ్రీజన్నా పూస్తాండావా లేదా?" అని పడవ యజమాని అందరి ముందూ అరిచాడు.

"మర్చిపోయినాన్నా," అన్నాడు నాయన తల వంచుకుని. నేను పక్కనే ఉన్నాను.

మరుసటి శనివారం నాయన నన్ను పిలిచి, నా వేలిని గ్రీజు డబ్బాలో ముంచాడు.

"ఇది మురికి గాదు పాపా. ఇది ఉంటేనే చుక్కాని తిరుగుతాది."

తర్వాత కాసేపు నా ముఖంలోకి చూస్తూ ఆగాడు. "సరే నాయనా," అన్నాను. అంతే.

ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ రోజు ఆయన ఎదురుచూసింది "నేనే తుడిచినా నాయనా" అనే చిన్న మాట కోసం. అది చెప్పడానికి ఆ తర్వాత నాకు ముప్పై ఏళ్లు దొరికాయి. చెప్పలేదు.